గల్లీకి గొలుసు కట్టేముందు సెల్లార్ తాళం తీయండి

ప్రశ్న:

నమస్కారం. మాది అమీర్‌పేటలో మెయిన్‌రోడ్డు వెనక గల్లీ. మైత్రీవనం నుంచి నడిస్తే ఐదు నిమిషాలు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం కాలనీ సంఘానికి కార్యదర్శిని. మా గల్లీలో రెండు వైపులా కలిపి పదహారు బిల్డింగులు. పొద్దున ఏడింటికి కోచింగ్ పిల్లల బైకులతో మొదలవుతుంది. తొమ్మిదింటికి మెట్రో ఎక్కి హైటెక్ సిటీ పోయేవాళ్లు బండి ఇక్కడ పడేసి పోతారు, మళ్లీ రాత్రికే రావడం. సాయంత్రమైతే బట్టల షాపులకొచ్చే కార్లు. మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి మూడు రౌండ్లు కొట్టి, చివరికి గుడి దగ్గర కారు పెట్టి నడిచొస్తాడు. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ గేటుకి అడ్డంగా ఎవరో కారు పెట్టి సినిమాకి పోయారు. మా కుర్రాళ్లు కోపం పట్టలేక నాలుగు టైర్లలోనూ గాలి తీసేశారు. పెద్ద గొడవైంది.

ఈమధ్య ఆరు నెలలు అమెరికాలో మా అమ్మాయి దగ్గర, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉండొచ్చాను. అక్కడ వీధిలో బోర్డు ఉంటుంది, పర్మిట్ ఉన్న కార్లే పెట్టాలి, లేకపోతే ఫైను. హాయిగా ఉంది. మేమూ సంఘం తరఫున ఇంటికి రెండు స్టిక్కర్లు, ఒక్కోటి రెండు వందల చొప్పున ఇచ్చి, గల్లీ మొదట్లో గొలుసు కట్టి వాచ్‌మన్‌ని పెడదామనుకున్నాం. మీటింగ్ పెడితే తలో మాట. ఓనర్లకే ఇవ్వాలని కొందరు. మేమేం పాపం చేశామని అద్దెకున్నవాళ్లు. హాస్టల్ ఆయన తన పిల్లల బైకులన్నిటికీ కావాలంటాడు. టిఫిన్ సెంటర్ ఆయన గొలుసు కడితే పొయ్యి ఆర్పుకోవాలంటాడు. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ ‘నాకు కారే లేదు, నేనెందుకు డబ్బు కట్టాలి’ అని లేచి వెళ్లిపోయింది. గల్లీలో మొత్తం కార్లు 58. అందులో 32 లోపల పడతాయి, 26 రోడ్డు మీదే. మా సెల్లార్‌లో ఏడు కార్ల చోటు మెయిన్‌రోడ్డు మీది బట్టల షాపుకి గోడౌన్‌గా అద్దెకిచ్చాం కాబట్టి మాకు ఇబ్బంది మరీ ఎక్కువ. స్టిక్కర్ పద్ధతి చట్టప్రకారం చెల్లుతుందా? వీళ్లందరినీ ఒప్పించడం ఎలా?

– ఒక కార్యదర్శి, అమీర్‌పేట

సమాధానం:

కార్యదర్శి గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చివర్లో ‘కాబట్టి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఏడు కార్ల చోటు గోడౌన్‌కి అద్దెకిచ్చి, ఆ ఏడు కార్లనీ రోడ్డు మీదికి తోలి, రోడ్డు మీద చోటు లేదని రాస్తున్నారు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీరడిగింది.

సంఘం ఇచ్చే స్టిక్కర్ చెల్లదు. మీరు స్టిక్కర్లు అచ్చు వేయించుకోవచ్చు, కారు అద్దానికి అంటించుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఏ కారు ఎవరిదో తెలుసుకోవడానికి పనికొస్తుంది కూడా. కానీ స్టిక్కర్ లేని బండిని ‘ఇక్కడ పెట్టొద్దు’ అనే హక్కు ఆ కాగితం మీకివ్వదు. రోడ్డు మీ సంఘానిది కాదు, కార్పొరేషన్‌ది. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థది. అదీ స్థానిక సంస్థతో సంప్రదించి. అందులో కాలనీ సంఘాల ఊసు లేదు. ఇక గొలుసు కట్టడం ఇంకా ప్రమాదం. రేపు అర్ధరాత్రి అంబులెన్స్ వచ్చి గల్లీ మొదట్లో ఆగిపోతే, తాళంచెవి ఉన్న వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్లి ఉంటే, దానికి జవాబు చెప్పాల్సింది కార్యదర్శిగా మీరే.

గాలి తీసిన కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి. గేటుకి అడ్డంగా కారు పెట్టినవాడిది తప్పే. ఇతరులకి అడ్డంగా, ప్రమాదంగా బండి వదలడం 122వ సెక్షన్ కింద నేరం. పార్కింగ్ నిషేధమున్న చోట పెట్టినా, పది గంటలకి మించి రోడ్డు మీద వదిలేసినా 127వ సెక్షన్ కింద దాన్ని లాగించవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. కానీ ఆ పని చేయించాల్సింది యూనిఫామ్‌లో ఉన్న పోలీసు. మీ కుర్రాళ్లు కాదు. గాలి తీసిన మరుక్షణం తప్పు చేసినవాడు ఫిర్యాదుదారు అయిపోతాడు, అడ్డు పడ్డవాళ్లు ముద్దాయిలు. పైగా గాలి లేని కారు కదలదు కదా! గేటు ముందు అది ఇంకో రెండు గంటలు ఉండి ఉంటుంది. ఈసారి నంబర్ ప్లేటూ గేటూ రెండూ కనపడేలా ఫొటో తీసి వందకి ఫోన్ చేయమనండి.

ఇప్పుడు ఆర్లింగ్టన్ సంగతి. మీరు చూసొచ్చిన ఊరు ఈ విషయంలో మామూలు ఊరు కాదు. అమెరికాలో పర్మిట్ పార్కింగ్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఆ ఊరిదే. అక్కడ క్రిస్టల్ సిటీ అని ఆఫీసుల టవర్లు లేచాయి. వాటి పక్కనే అరోరా హైలాండ్స్ అనే ఇళ్ల పేట. ఆఫీసులకొచ్చేవాళ్లు కార్లు తెచ్చి పేటలో పెట్టి పోయేవాళ్లు. మీ గల్లీ కథే. కౌంటీ పర్మిట్ల నిబంధన తెస్తే, ఆఫీసు ఉద్యోగులు కోర్టుకెక్కారు. రోడ్డు అందరిదీ అయినప్పుడు అక్కడ ఉండేవాడికొక న్యాయం, బయటివాడికొక న్యాయమా అని. వర్జీనియా కోర్టు వాళ్ల మాటే నిజమంది. 1977 అక్టోబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పేటలో పొగ, రొద, రద్దీ తగ్గించడానికి, ఉండేవాళ్లు తమ ఇంటికి తాము చేరుకోగలగడానికి ఇలాంటి తేడా పెట్టడం తప్పు కాదంది. ఆ తర్వాత మిగతా ఊళ్లకీ ధైర్యం వచ్చింది.

ఆ నిబంధనలో మీరు గమనించాల్సినవి మూడున్నాయి. పర్మిట్ ఇచ్చింది కౌంటీ, అంటే ప్రభుత్వం. నిషేధం ఇరవైనాలుగు గంటలూ కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకే. సమస్య ఆఫీసు కార్లతో, కాబట్టి నిషేధమూ ఆఫీసు వేళలకే. మూడోది నాకు బాగా నచ్చింది. అక్కడ ఉండేవాళ్లకే కాదు, వాళ్లింటికి పనిమీద వచ్చేవాళ్లకీ, చుట్టాలకీ కూడా పర్మిట్లు పెట్టారు. మీ పెద్దావిడ దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట మళ్లీ ఎత్తుతాను.

మన దేశంలోనూ ఈ ఆలోచన లేకపోలేదు. కర్ణాటక ప్రభుత్వం 2021లో బెంగళూరుకి కొత్త పార్కింగ్ విధానం ఆమోదించింది. ఇంటి ముందు రోడ్డు మీద కారు పెట్టుకోవాలంటే ఏడాదికి పర్మిట్ తీసుకోవాలి. చిన్న కారుకి వెయ్యి, మధ్యరకానికి మూడు నాలుగు వేలు, పెద్ద బండ్లకి ఐదు వేలు. జనం గగ్గోలు పెట్టారు. కాగితం మీదికి ఎక్కినంత తేలిగ్గా అది వీధిలోకి దిగలేదు. ఢిల్లీ కథ ఇంకోలా నడిచింది. 2019 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే కల్పించుకుని పార్కింగ్ నిబంధనలు వెంటనే తెమ్మంది, లజ్‌పత్ నగర్‌లో ఒక భాగాన్ని ప్రయోగంగా తీసుకుని చేసి చూపించమంది. అదే నెలలో ఢిల్లీ నిబంధనలు వచ్చాయి. అక్కడ కూడా ‘ఇల్లు మాది, ఇంటి ముందు రోడ్డు మాది’ అనే వాదనే మొదట వినపడింది.

బెంగళూరు రేట్లు చూసి మీరు బ్యాంకాయన కాబట్టి లెక్క వేసే ఉంటారు. వెయ్యి రూపాయలంటే రోజుకి మూడు రూపాయలు కూడా పడదు. ఐదు వేలైనా రోజుకి పద్నాలుగు రూపాయల లోపే. ఇప్పుడు మీ ఇంటి ముందు లెక్క చూడండి. ఒక కారు పదిహేను అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు అనుకుంటే తొంభై చదరపు అడుగులు. అంటే పది గజాలు. అమీర్‌పేటలో గజం ఎంతో నాకన్నా మీకే బాగా తెలుసు, పదితో హెచ్చించుకోండి. ఆ నేల మీద మీ కారు ఉచితంగా నిద్రపోతోంది. ‘లైఫ్ ట్యాక్స్ కట్టాం, ఇంటిపన్ను కడుతున్నాం, మళ్లీ ఇదేమిటి’ అని మీ మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. లైఫ్ ట్యాక్స్ బండి రోడ్డు మీద తిరగడానికి కట్టింది, రోడ్డు మీద పడుకోవడానికి కాదు. పార్కింగ్ రుసుము ఆ నేల విలువను బట్టి ఉండాలని కేంద్రం 2006లో తెచ్చిన పట్టణ రవాణా విధానంలోనే ఉంది. జపాన్‌లో అయితే కారు పెట్టుకోవడానికి సొంతంగానో అద్దెకో చోటుందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే రిజిస్ట్రేషన్. వాళ్లు ఆ చట్టం 1962లోనే చేసుకున్నారు.

మీరు రెండు వందలు పెట్టారు. అచ్చు ఖర్చుకి, వాచ్‌మన్ జీతానికి అయి ఉంటుంది. కానీ అంత చవకగా ఇస్తే ఏమవుతుందో చూడండి. పాత మారుతి కారుని కవర్ కప్పి ఏడాదిగా కదల్చకుండా ఉంచినవాళ్లు కూడా స్టిక్కర్ తీసుకుంటారు. అలాంటిది మీ గల్లీలో ఒకటైనా ఉండే ఉంటుంది, ప్రతి గల్లీలో ఉంటుంది. దాని కింద పిల్లి ఈని ఉంటుంది.

సరే, ఒక పని చేద్దాం. మీ గల్లీని కాగితం మీద కొలుద్దాం. మీరు వెడల్పు రాయలేదు, ముప్ఫై అడుగులనుకుందాం. వర్షం నీళ్లు రాకుండా ఇంటింటికీ వేసుకున్న ర్యాంపులు రెండువైపులా మూడేసి అడుగులు రోడ్డులోకి వస్తాయి. మిగిలింది ఇరవైనాలుగు. రెండువైపులా కార్లు పెడితే పన్నెండు పోయి పన్నెండు మిగులుతుంది. ఫైరింజన్ వెడల్పు సుమారు ఎనిమిది అడుగులు. తిన్నగా దూరుతుంది, కానీ మలుపు తిరగలేదు. మధ్యలో ఒక వాటర్ ట్యాంకర్ ఆగి ఉంటే అసలే రాలేదు. కాబట్టి కార్లు ఒక్కవైపే ఉండాలి. ఒకవైపు ఎనిమిది బిల్డింగులు, ఒక్కోటి యాభై అడుగుల ముఖం. గేటుకి పన్నెండు అడుగులు వదిలితే ఇంటి ముందు ముప్ఫై ఎనిమిది అడుగులు. బండి తీసి పెట్టుకునే సందుతో కలిపి రెండు కార్లు. ఎనిమిది రెళ్లు పదహారు.

మీ కార్లు రోడ్డు మీద ఇరవై ఆరు. అంటే మెట్రోవాళ్లు, షాపింగ్‌వాళ్లు, కోచింగ్ పిల్లలు ఒక్కరు కూడా గల్లీలో అడుగు పెట్టకపోయినా, మీలో మీకే పది కార్లకి చోటు లేదు. ఇంటికి రెండు స్టిక్కర్లు ఇస్తే అవి ఇంకా పెరుగుతాయి. స్టిక్కర్ అంటే చోటు కాదు, చోటు వెతుక్కోవడానికి అనుమతి. మీ అబ్బాయి ఇప్పుడు కోపంగా మూడు రౌండ్లు కొడుతున్నాడు, అప్పుడు స్టిక్కర్‌తో మూడు రౌండ్లు కొడతాడు. నా అడుగుల లెక్క మీ గల్లీకి సరిపోకపోవచ్చు. టేపు పట్టుకుని మీరే కొలవండి.

ఇక సెల్లార్. ఏడు కార్లు లోపలికి పోతే రోడ్డు మీద పందొమ్మిది మిగులుతాయి. పదహారు చోట్లకి పందొమ్మిది కార్లు అంటే మాట్లాడుకుంటే తేలే సంగతి. ఇరవై ఆరంటే తేలదు. కాబట్టి మీ గల్లీలో అన్నిటికన్నా చవకైన పార్కింగ్ ఇప్పటికే కట్టి ఉంది, దాంట్లో చీరల మూటలున్నాయి. భవన నిబంధనల ప్రకారం ప్లాన్‌లో పార్కింగ్‌గా చూపిన చోటు పార్కింగ్‌కే వాడాలి. రేపు మీరు పర్మిట్ల కోసం అర్జీ పట్టుకుని వెళ్తే అధికారి మొదట అడిగేది ‘మీ సెల్లార్ చూపించండి’ అనే. మీ అర్జీయే మీ మీద ఫిర్యాదు అయి కూర్చుంటుంది.

దీన్ని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ పెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పైన ఇళ్లలో ఉన్నవాళ్లు కనీసం తొమ్మిది మంది చనిపోయారు. మీ దగ్గర ఉన్నది రసాయనాలు కాదు, బట్టలే. కానీ బట్టలకీ ప్లాస్టిక్ కవర్లకీ నిప్పంటుకుంటే వచ్చే పొగ మొదట పోయేది మెట్లదారి గుండా పైకే. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు దిగాల్సింది ఆ మెట్ల మీదుగానే. ఆ గోడౌన్ అద్దె ఫ్లాట్‌కి ఎంత వస్తోందో, మెయింటెనెన్స్‌లో ఎంత తగ్గుతోందో మీ పద్దుల్లో ఉంటుంది. ఆ అంకె మీటింగ్‌లో పైకి చదవండి. సిగ్గుపడాల్సినంత చిన్నదిగా ఉంటుందని నా అనుమానం.

మీటింగ్‌లో తలో మాట అన్నారు. నాకు వాళ్ల మాటలు తలా తోకా లేనివిగా అనిపించలేదు. ఒక్కొక్కరి దగ్గరా కొంత నిజం ఉంది.

ఓనర్లకే స్టిక్కర్ అన్నవాళ్లతో నేను ఏకీభవించను. పర్మిట్ ఇంటి యజమానికి ఇచ్చే బహుమతి కాదు, ఆ ఇంట్లో ఉండేవాడి అవసరం. ఓనరు కొంపల్లిలో ఉంటాడు, అద్దెకున్న కుటుంబం ఇక్కడ ఉంటుంది. రాత్రి పదకొండింటికి జ్వరం వచ్చిన పిల్లాడిని ఎత్తుకుని కారు దగ్గరికి పరుగెత్తాల్సింది ఎవరు? పైగా సంఘం మెయింటెనెన్స్ వాళ్ల దగ్గరే వసూలు చేస్తున్నారు కదా.

హాస్టల్ ఆయన అడిగింది ఎక్కువే, కానీ ఆయన్ని కొట్టిపారేయలేం. అమీర్‌పేటలో హాస్టల్ లేని గల్లీ లేదు. ఆ పిల్లలూ అక్కడ ఉండేవాళ్లే. అయితే అది వ్యాపారం. అరవై మందిని చేర్చుకుని నెలనెలా డబ్బు తీసుకునేవాడు వాళ్ల బైకులకి చోటు చూపించాల్సిన బాధ్యత రోడ్డు మీదికి తోసేయకూడదు. ఒక మంచి సంగతి ఏమిటంటే, ఒక కారు చోటులో నాలుగైదు బైకులు అడ్డంగా పడతాయి. హాస్టల్ ముందున్న రెండు కార్ల చోటు బైకులకి గీత గీసి ఇస్తే ఎనిమిది నుంచి పది బైకులు. మిగతావి ఆయన చూసుకోవాలి. ఆయన దీనికి ఒప్పుకోడు, బేరం పెడతాడు. పెట్టనివ్వండి.

టిఫిన్ సెంటర్ ఆయన మాట నిజం. ఇడ్లీ తినడానికి వచ్చినవాడు పది నిమిషాలుండి పోతాడు. మీకు బాధ పెట్టేది వాడు కాదు. తొమ్మిదింటికి పెట్టి రాత్రి తొమ్మిదింటికి తీసే మెట్రో బండి. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో నడవడం మొదలయ్యాక ఈ రకం పార్కింగ్ చుట్టుపక్కల గల్లీలన్నిట్లోకీ పాకింది. గొలుసు కడితే ఈ ఇద్దరూ ఒకే గాటన పోతారు. అందుకే అమెరికాలో చాలా నగరాల్లో పూర్తి నిషేధం పెట్టరు. పర్మిట్ లేనివాళ్లు రెండు గంటలు పెట్టుకోవచ్చు, అంతకు మించితే ఫైను అంటారు. కొనడానికి వచ్చినవాడు కొనుక్కుని పోతాడు, రోజంతా వదిలేసేవాడు దొరికిపోతాడు. రెండు గంటలైందో లేదో తెలుసుకోవడానికి అక్కడ టైరు మీద సుద్దముక్కతో గీత గీసేవాళ్లు. 2019లో మిషిగన్‌లోని ఒక ఊరి కేసులో, వారెంట్ లేకుండా కారు మీద గీత గీయడం సోదా చేయడంతో సమానమని కోర్టు తేల్చింది. సుద్దముక్కకి అంత ప్రాధాన్యం ఎక్కడా దొరకదు. మన ట్రాఫిక్ వాళ్లకి ఆ ఇబ్బంది లేదు, ఫోన్‌తో ఫొటో కొట్టి చలాన్ పంపడం అలవాటే.

అసలు చిక్కు అక్కడే ఉంది. రెండు గంటల నియమం కాగితం మీద బాగుంటుంది. గల్లీకొక కానిస్టేబుల్ ఎక్కడి నుంచి వస్తాడు? ఎవరూ రాకపోతే మూడో వారానికి బోర్డు మీద కోచింగ్ సెంటర్ పోస్టర్ పడుతుంది. మా కాలనీలో ‘నో పార్కింగ్’ బోర్డు స్తంభానికి ఇప్పుడు ఒక స్కూటర్ గొలుసుతో కట్టేసి ఉంటుంది, దొంగలెత్తుకుపోకుండా. అందుకే తక్కువ గంటలకి అడగండి. రోజంతా కాపలా కాయడం ఎవరి వల్లా కాదు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, పర్మిట్ లేని కారు ఆగకూడదు అనే నియమం చాలు. రోజంతా వదిలేసేవాడు ఆ రెండు గంటలు తప్పించుకోలేడు. ఒక్క రౌండ్ కొడితే పట్టుబడతాడు. ఇడ్లీ గిరాకీ అప్పటికి సగం అయిపోయి ఉంటుంది. సాయంత్రం షాపింగ్ కార్లు దీనికి దొరకవు, నిజమే. వాటికి వేరే మందు.

షాపులకొచ్చేవాళ్లు మీ గల్లీలోకి ఎందుకు వస్తున్నారు? మాల్‌లో పార్కింగ్‌కి డబ్బు తీసుకుంటారనే భయంతో చాలామంది వస్తారు. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 63 ప్రకారం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం. గంట దాకా అక్కడ కొన్న బిల్లు ఏదైనా చూపిస్తే చాలు. గంట దాటినా బిల్లు పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ ఉంటే కట్టక్కర్లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. మీరు గొలుసుకి పెట్టాలనుకున్న డబ్బులో పావు వంతుతో గల్లీ మొదట్లో పెద్ద అక్షరాల ఫ్లెక్సీ కట్టండి. ‘షాపింగ్‌కి వచ్చారా? బిల్లు చూపిస్తే మాల్‌లో పార్కింగ్ ఫ్రీ’ అని. తిట్టే బోర్డు కన్నా ఇది పనిచేస్తుంది. సొంత పార్కింగ్ లేకుండా మెయిన్‌రోడ్డు మీద నడుస్తున్న షాపుల సంగతి వేరు. మీ గోడౌన్ కిరాయిదారుకి పార్కింగ్ ఉందో లేదో ఈసారి అద్దె తీసుకునేటప్పుడు అడిగి చూడండి.

ఇప్పుడు పెద్దావిడ. మీరు ఆవిడ లేచి వెళ్లిపోవడాన్ని మొండితనంగా రాశారు. నాకు మీటింగ్ మొత్తంలో సూటి ప్రశ్న ఆవిడదే అనిపించింది. కారు లేనివాళ్లు కారున్నవాళ్ల సౌకర్యానికి డబ్బెందుకు కట్టాలి? కట్టక్కర్లేదు. ఎంత తీసుకున్నా కారుకి తీసుకోండి, ఇంటికి కాదు. మొదటి కారుకి తక్కువ, రెండోదానికి బాగా ఎక్కువ పెట్టండి. ఇంకో మాట. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంటికి నర్సు వస్తుంది, ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ మీద వస్తుంది, గ్యాస్ అబ్బాయి వస్తాడు, పండక్కి కొడుకో కూతురో వస్తారు. మీ పద్ధతిలో వాళ్లందరూ బయటివాళ్లే, గొలుసు దగ్గర ఆగాల్సినవాళ్లే. అంటే కారు లేనందుకు ఆవిడకి స్టిక్కర్ రాదు, స్టిక్కర్ లేనందుకు ఆవిడ దగ్గరికి ఎవరూ రాలేరు. అందుకే ఆర్లింగ్టన్ నిబంధన గుర్తుచేశాను. ఇంటికి పనిమీద వచ్చేవాళ్లకి పాస్ ఉండాలి. కారు లేని ఇంటికి ఆ పాసులు ఇంకో రెండు ఎక్కువ ఇవ్వాలి. మీరు ఆవిడ ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పండి. రెండో మీటింగ్‌కి ఆవిడే ముందు వస్తుంది.

అర్జీ ఎలా పెట్టాలంటారా. ఉత్త మాటలతో వెళ్లకండి. ఒక మామూలు పనిదినం చూసుకుని పొద్దున ఆరింటికి గల్లీలో ఉన్న ప్రతి బండి నంబరూ రాసుకోండి. అవి దాదాపు మీవీ హాస్టల్‌వీ. పదకొండింటికి మళ్లీ రాయండి, మధ్యాహ్నం మూడింటికి ఇంకోసారి, రాత్రి ఎనిమిదింటికి ఇంకోసారి. పదకొండింటికీ మూడింటికీ ఉండి ఆరింటికి లేనివి రోజంతా వదిలేసే బయటి బండ్లు. ఎనిమిదింటికే కనపడేవి షాపింగ్‌వి. మూడు రోజులు చేస్తే చాలు. రిటైరైన బ్యాంకువాళ్లకి ఇది పని కాదు, కాలక్షేపం. బయటి బండ్లు మీరనుకున్నంత ఉండకపోవచ్చు. అప్పుడు బాధపడకండి, అది మీకే మంచిది.

ఆ లెక్క, గల్లీ కొలతలు, ఖాళీ చేసిన సెల్లార్ ఫొటో, అద్దెకున్నవాళ్లతో సహా గల్లీవాళ్ల సంతకాలు. ఇవన్నీ కలిపి కార్పొరేషన్ జోనల్ ఆఫీసుకీ ట్రాఫిక్ పోలీసులకీ ఒకేసారి ఇవ్వండి. విడివిడిగా ఇస్తే ఒకరిని అడిగితే రెండోవాళ్ల పేరు చెబుతారు. పర్మిట్ల మాట మొదటి వాక్యంలో పెట్టొద్దు. ఒకవైపే పార్కింగ్, గేట్ల ముందు పసుపు గీత. ముందు ఇవి అడగండి. వీటికి కొత్త విధానం ఏదీ అక్కర్లేదు, సంతకం చేసే అధికారికి భయం ఉండదు. పర్మిట్లూ, పొద్దున రెండు గంటల నిషేధమూ ఎప్పుడైనా ప్రయోగంగా మొదలుపెడితే మా గల్లీతో మొదలుపెట్టండి, డబ్బు కట్టడానికి సిద్ధం అని చివర్లో ఒక ముక్క రాయండి. డబ్బు కడతామన్న కాలనీ వాళ్లకి కొత్తగా అనిపిస్తుంది.

ఒకవైపే పార్కింగ్ అంటే ఎటువైపు అని గొడవ వస్తుందని మీరు ఈపాటికే అనుకుంటూ ఉంటారు. నెలకొకవైపు మార్చుకోండి. గోడౌన్ వాళ్లకి రెండు నెలల నోటీసు ఇవ్వాల్సి వస్తుందేమో, అగ్రిమెంట్ చూసి ఈ వారమే ఇచ్చేయండి. బండ్ల లెక్క తేలాక మళ్లీ రాయండి. ఆ కవర్ కప్పిన మారుతి ఎవరిదో కూడా రాయండి.